చదివే కళ్ళజోడు సగంసగం చదువుతోందా?

కళ్ళజోడు కాడకి అయస్కాంతంతో అతుక్కునే ఆర్కామ్ మైఐ లాంటి కెమెరా వాడేవాళ్ళకి ఒక మాట. బరువు 22.5 గ్రాములే, నెట్ లేకపోయినా అచ్చులో ఉన్నది చదివి వినిపిస్తుంది. కానీ మా మావయ్య, చూపు పోయాక ఎంతో ఆశగా కొనుక్కుని, మొదటి వారమే పక్కన పడేశారు. సగంసగం చదువుతోందట! తీరా చూస్తే తప్పు వేలిది. చదవాల్సిన చోట వేలు చూపించి, బీప్ వినగానే తీసేయాలి. ఫొటో తీసేది ఆ తర్వాతే. ఈయనేమో వేలు అక్షరాల మీదే ఉంచేవారు. తల కూడా కదపకూడదు, ముక్కు ఎటుంటే కెమెరా అటే చూస్తుంది.

తెల్ల కాగితం కింద ముదురు రంగు తువ్వాలు పరిస్తే అంచులు బాగా తెలుస్తాయి. న్యూస్‌పేపరైతే ఒక్క కాలమ్ పైకి వచ్చేలా మడవండి. మెరిసే మందుల అట్టలతోనే అసలు తిప్పలు. లైటు నేరుగా పడకుండా కాస్త వాల్చి పట్టుకోవాలి.

ఇంకా కొననివాళ్ళు ఇంట్లోని తెలుగు పేపరు, కరెంటు బిల్లు వెంట తీసుకెళ్ళి చదివించి చూడండి. ఇంగ్లిష్ కాగితం గడగడా చదివేసింది కదా అని డబ్బు కట్టేయొద్దు. ఖరీదు ఎక్కువనిపిస్తే ఆండ్రాయిడ్ ఫోన్లో కెమెరాతో చూసి చదివి వినిపించే గూగుల్ లుకౌట్ యాప్ ఉచితమే. తువ్వాలు, మడత చిట్కాలు దానికీ పనికొస్తాయి.