ఇంట్లో మస్తుగున్న గిటార్ టోన్ మండపంలో ఎందుకు ఆగమవుతుంది? మోడలర్ సెట్ చేసే క్రమం

మోడలర్ అంటే ఆంప్, స్పీకర్, ఎఫెక్ట్స్ సౌండ్‌ను నకలు చేసే డిజిటల్ పెట్టె. హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రంతా కూర్చుని దానిలో చేసిన ప్యాచ్‌ను (దాచుకున్న సెట్టింగుల జట్టును) వినాయక మండపంలో మైక్‌సెట్‌కు కలపగానే డబ్బాలో తేనెటీగను వేసి ఊపినట్టు వినిపిస్తుంది. లేదంటే గోనెసంచి కప్పినట్టు మూసుకుపోతుంది. చాలాసార్లు తప్పు మోడలర్‌ది కాదు, సెట్ చేసిన క్రమానిది, విన్న సౌండ్ మట్టానిది.

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, ఆదివారం చర్చిలో, పెళ్లి ఫంక్షన్ హాల్లో, ధూంధాం వేదిక మీద గిటార్ సాధారణంగా మోడలర్ నుంచి నేరుగా మిక్సర్‌లోకే పోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆ దారిని మనసులో పెట్టుకునే. అలవాటుగా అందరూ ముందు గెయిన్ (సౌండ్ ఎంత పగలాలో చెప్పే నాబ్) తిప్పుతారు, చివరకు స్పీకర్ సంగతి చూస్తారు. దాన్ని తిరగేయాలి: ముందు అవుట్‌పుట్, తర్వాత క్యాబ్ (స్పీకర్ క్యాబినెట్), తర్వాత ఆంప్, ఆ తర్వాతే డ్రైవ్ (సౌండ్‌ను గరుకు చేసే ఎఫెక్ట్), అన్నిటికన్నా చివర డిలే (ప్రతిధ్వని), రివర్బ్ (హాలు మోత).

ముందు గిటార్ సంగతి

తుప్పు పట్టిన తీగలకు ఏ ట్రెబుల్ నాబ్ కూడా మెరుపు తీసుకురాదు. తీగలు మార్చండి, ట్యూన్ చేయండి, గిటార్ వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా తెరవండి. హంబకర్ పికప్ (జంట కాయిల్‌ది) అయితే తీగలను చివరి ఫ్రెట్ మీద నొక్కి పట్టి ఎత్తు చూడండి. లావు తీగ వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.6 మిల్లీమీటర్ల ఖాళీ నుంచి మొదలుపెట్టవచ్చు. మరీ దగ్గరైతే సౌండ్ పెరుగుతుంది కానీ అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వంకర చేస్తుంది.

గిటార్ నుంచి మోడలర్‌కు 3 మీటర్ల కేబుల్ చాలు, 6 దాటనివ్వకండి. కేబుల్ పొడవు పెరిగిన కొద్దీ పై స్వరాల మెరుపు తగ్గుతుంది. ఎంత గట్టిగా కొట్టగలరో అంత గట్టిగా కొట్టి ఇన్‌పుట్ క్లిప్ లైట్ చూడండి. అది వెలిగితేనే ఇన్‌పుట్ ప్యాడ్ (వచ్చే సిగ్నల్‌ను తగ్గించే స్విచ్) వేయాలి, వెలగకపోతే దాని జోలికి పోవద్దు. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మార్చుకునే వీలుంటే 1 మెగా ఓమ్ దగ్గరే ఉంచండి.

అవుట్‌పుట్: సగం తప్పులు ఇక్కడే

కిన్నెరకు సొరకాయ బుర్రలు ఎట్లాగో, ఎలక్ట్రిక్ గిటార్‌కు స్పీకర్ క్యాబినెట్ అట్లా. బుర్రలు తీసేస్తే తీగ మోగుతుంది కానీ కిన్నెర మోగదు. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్‌ను తనంతట తానే తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లోని గరుకంతా ఆ పైనే ఉంటుంది కాబట్టి అది మన చెవిదాకా రాదు. మైక్‌సెట్ బాక్సులో ట్వీటర్ (పై ఫ్రీక్వెన్సీల చిన్న స్పీకర్) ఉంటుంది, ఆ గరుకును ఒక్క ముక్క వదలకుండా వినిపిస్తుంది. తేనెటీగ మోత వచ్చేది అందుకే.

కాబట్టి మోడలర్ మిక్సర్‌కు, హెడ్‌ఫోన్‌కు పోతుంటే క్యాబ్ బ్లాక్ ఆన్‌లో ఉండాలి. నిజమైన గిటార్ ఆంప్‌కు వెనక ఉన్న రిటర్న్ జాక్‌లో (ఆంప్ టోన్ నాబ్‌లను దాటేసే దారి) పెడితే క్యాబ్ ఆఫ్ చేయాలి, ఆంప్ బ్లాక్ ఉంచుకోవచ్చు. ఆంప్ ముందున్న ఇన్‌పుట్‌లో పెడితే ఆంప్, క్యాబ్ రెండూ ఆపి ఎఫెక్ట్స్ మాత్రమే వాడుకోవడం మేలు. క్యాబ్ రెండుసార్లు పడితే గోనెసంచి సౌండ్, అసలే పడకపోతే తేనెటీగ. బాస్ కంపెనీ జీటీ-1 లాంటి మోడలర్లలో దేనికి కలుపుతున్నామో చెప్పే అవుట్‌పుట్ సెలెక్ట్ మెనూ ఉంటుంది. దాన్ని లైన్/ఫోన్స్ మీద పెట్టకుండా మిక్సర్‌కు కలిపితే ఎంత ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ సర్దేది) తిప్పినా టోన్ కుదురుకోదు.

లైన్, ఇన్‌స్ట్రుమెంట్ లెవెల్ ఎంచుకునే వీలుంటే అదీ చూసుకోండి. లైన్ లెవెల్‌ను మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లోకి పంపితే అక్కడ పగులుతుంది. ఆ పగులును మన ప్యాచ్ గెయిన్ అనుకుని ఆంప్‌లో తగ్గిస్తూ పోతే సమస్య తీరదు, టోన్ మాత్రం చస్తుంది.

ఏ సౌండ్ మట్టంలో వింటున్నారు?

మనిషి చెవి తక్కువ సౌండ్‌లో బేస్‌ను, బాగా పై ఫ్రీక్వెన్సీలను సరిగా పట్టుకోదు. ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. ఇంట్లో పక్కవాళ్లు లేస్తారని మెల్లగా పెట్టుకుని వింటే బేస్ చాలదనిపించి పెంచుతాం, ట్రెబుల్ చాలదనిపించి అదీ పెంచుతాం, మిడ్ దానంతట అదే వెనక్కి పోతుంది. అదే ప్యాచ్ పెద్ద బాక్సుల్లో పెట్టగానే కింద గుమగుమ, పైన కీచు, మధ్యలో గిటార్ మాయం.

85 నుంచి 90 డీబీ మధ్య విని నిర్ణయించండి. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్ ఖచ్చితంగా చెప్పకపోయినా అందాజా తెలుస్తుంది. ఇంట్లో రోజూ అంత పెట్టడం కుదరదు. మైక్‌సెట్ అన్నను జర ముందే రమ్మని, ఒక్క అరగంట అతని బాక్సుల మీదే పని చేసుకోవడం నెల రోజుల హెడ్‌ఫోన్ పని కంటే ఎక్కువ ఇస్తుంది. అక్కడ తేడా కనిపిస్తే ప్యాచ్‌లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి మార్చకండి. అన్ని ప్యాచ్‌లకూ ఒకేసారి పడే గ్లోబల్ ఈక్యూ వాడండి. హాలు దోషం గ్లోబల్‌లో, పాట అవసరం ప్యాచ్‌లో అని విడదీసుకుంటే మరుసటి ఊళ్లో అయోమయం ఉండదు.

క్యాబ్, మైక్, ఐఆర్

ఖాళీ ప్యాచ్ తెరవండి. ఒక ఆంప్, ఒక క్యాబ్, అంతే. గెయిన్ 3, బేస్ 4, మిడ్ 6, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 4. ఇప్పుడు ఆంప్‌ను ముట్టకుండా క్యాబ్ మాత్రమే మారుస్తూ వినండి. ఆంప్ మోడల్ మార్చినప్పటి కన్నా క్యాబ్ మార్చినప్పుడే తేడా ఎక్కువ వినిపిస్తుంది. కొత్తవాళ్లు నమ్మని విషయం ఇదే.

సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్లున్న 4×12 (12 అంగుళాల స్పీకర్లు నాలుగు) క్యాబ్ ఎగువ మిడ్‌ను ముందుకు నెడుతుంది, రద్దీ పాటలో గిటార్ తెగి వినిపిస్తుంది. గ్రీన్‌బ్యాక్ కొంచెం మెత్తన. క్లీన్ ఆర్పెజియోలకు (కార్డ్ స్వరాలు ఒక్కొక్కటిగా మీటేవాటికి) వెనక తెరిచి ఉన్న 1×12 లేదా 2×12 బాగుంటుంది. క్యాబ్ బ్లాక్‌లో ఎంచుకునే మైకుల్లో ఎస్ఎం57 పదునుగా, రిబ్బన్ మైక్ 121 నున్నగా వస్తాయి. మైక్‌ను కోన్ నడిమధ్య నుంచి అంచు వైపు జరిపితే ట్రెబుల్ తగ్గుతుంది. గరుకు తగ్గించడానికి ఈక్యూ కన్నా ఇదే మంచి దారి. దూరం 1 అంగుళం పెడితే బేస్ ఉబ్బుతుంది, 3 లేదా 4 అంగుళాలకు తీస్తే సర్దుకుంటుంది. రెండు మైకులు కలిపితే సౌండ్ పలచబడిందా? రెండూ వేర్వేరు దూరాల్లో ఉండి ఒకదాన్ని ఒకటి కొట్టేస్తున్నాయి. దూరాలు సమానం చేయండి, లేదా ఒక మైక్‌తో సరిపెట్టుకోండి.

లో కట్ (దాని కింది సౌండ్‌ను కోసేది) 100 హెర్ట్జ్, హై కట్ (దాని పై సౌండ్‌ను కోసేది) 6.5 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ కదా, 100 దగ్గర కోస్తే పోదా అని అనుమానం రావచ్చు. ఒంటరిగా వింటే కొంచెం పోతుంది. బ్యాండులో ఆ జాగాలో బేస్ గిటార్ (దాని లావు తీగ 41 హెర్ట్జ్), ధోలక్, కీబోర్డు ఎడమ చెయ్యి కూర్చుని ఉంటాయి. అక్కడ కొట్లాడితే గెలిచేది మన గిటార్ కాదు.

బయటి ఐఆర్ ఫైళ్లు (ఇంపల్స్ రెస్పాన్స్, అంటే నిజమైన క్యాబ్ సౌండ్ నకలు) వేసుకుంటే డబ్ల్యూఏవీ ఫార్మాట్, మీ పరికరం అడిగే శాంపిల్ రేట్ (చాలావాటికి 48 లేదా 44.1 కిలోహెర్ట్జ్) చూసుకోండి. 48 దగ్గర 2048 శాంపిళ్లంటే సుమారు 43 మిల్లీసెకన్లు, గిటార్‌కు అది చాలు. వంద ఐఆర్‌లు దింపుకోకండి. మూడు ఉంచుకోండి: క్లీన్‌కు ఒకటి, రిథమ్‌కు ఒకటి, లీడ్‌కు ఒకటి.

ఆంప్, గెయిన్

రికార్డుల్లో విన్న భారీ గిటార్‌లో తరచూ ఒకే భాగాన్ని రెండు నాలుగు సార్లు వేరువేరుగా వాయించి కలిపి ఉంటారు. ఒక్కో ట్రాక్‌లో గెయిన్ మనం అనుకున్నంత ఉండదు. ఆ బరువును ఒక్క గిటార్‌తో తేవాలని గెయిన్ 9కి తోస్తే కార్డ్‌లోని స్వరాలు ముద్దయిపోతాయి, పికింగ్ దెబ్బ వినిపించదు. మీకు బాగుందనిపించిన చోట నుంచి గెయిన్‌ను మూడో వంతు తగ్గించండి. ఒంటరిగా చప్పగా ఉంటుంది, డ్రమ్స్ మొదలవగానే సరిగ్గా కూర్చుంటుంది.

నాబ్‌లు అన్ని మోడల్స్‌లో ఒకేలా పనిచేయవు. ఫెండర్ తరహా ఆంప్‌లో మూడూ 5 మీద పెట్టినా మిడ్ లోతుగానే ఉంటుంది, కాబట్టి మిడ్ 7 పెట్టడానికి జంకకండి. వాక్స్ ఏసీ30 కట్ నాబ్ ఉల్టా: పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది. అసలు ఆంప్‌కు మాస్టర్ (పవర్ ఆంప్ వాల్యూమ్) లేని పాత ఆంప్‌ల మోడల్స్‌లో, మోడలర్ ఇచ్చిన మాస్టర్‌ను పూర్తిగా తెరిచి గెయిన్‌తో పని నడపాలి. హై గెయిన్ ఆంప్‌లో మాస్టర్ 3 నుంచి 5. ప్యాచ్ మొత్తం సౌండ్ పెంచాలంటే మాస్టర్ కాదు, టోన్ మార్చకుండా సౌండ్ మాత్రమే మార్చే చానెల్ వాల్యూమ్ తిప్పాలి.

పామ్ మ్యూట్‌లు (అరచెయ్యి తీగల మీద ఆనించి కొట్టే దెబ్బలు) బురదగా వస్తుంటే ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా డ్రైవ్ పెట్టండి: డ్రైవ్ 0, టోన్ 5, లెవెల్ 8. ఇది సుమారు 720 హెర్ట్జ్ కింది భాగాన్ని పలచ చేసి ఆంప్‌లోకి పంపుతుంది. బేస్‌ను డిస్టార్షన్‌కు ముందే తగ్గించడం వేరు, తర్వాత తగ్గించడం వేరు. ముందు తగ్గిస్తే బురద పుట్టదు, తర్వాత తగ్గిస్తే పుట్టిన బురద పలచబడుతుందంతే.

గుయ్ మనే మోత

మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మోత 50, 100 దగ్గర ఉంటుంది. మండపం సీరియల్ లైట్లు, డిమ్మర్లు, జనరేటర్, అన్నీ ఒకే బోర్డు మీద. సింగిల్ కాయిల్ గిటార్ అయితే నిలబడ్డచోటే మెల్లగా తిరగండి, ఒక దిక్కుకు మోత సగానికి పడిపోతుంది, అక్కడే నిలబడండి. జీటీ-1, జూమ్ జీ1 ఫోర్ లాంటివి 4 ఏఏ బ్యాటరీలతో నడుస్తాయి. బ్యాటరీ మీద మోత పోతే దోషం అడాప్టర్‌ది లేదా ఎర్త్‌ది, గిటార్‌ది కాదు. అడాప్టర్ మార్చేటప్పుడు 9 వోల్టులు ఒక్కటే చూడకండి. పిన్ను లోపల మైనస్ ఉందా, మిల్లీఆంప్స్ సరిపోతాయా చూడాలి. హెచ్‌ఎక్స్ స్టాంప్ అనే మోడలర్‌కు 3 ఆంప్స్ కావాలి, మామూలు పెడల్ అడాప్టర్ దాన్ని లేపలేదు.

నాయిస్ గేట్‌ను (థ్రెషోల్డ్ అనే హద్దు కంటే తక్కువ సౌండ్‌ను మూసేసేది) గొలుసులో మొదట పెట్టి, తీగల మీద అరచెయ్యి ఆనించి, మోత ఆగేంతవరకే థ్రెషోల్డ్ పెంచండి. ఇంకా పెంచితే పొడుగు స్వరాల తోక తెగిపోతుంది.

గిటార్ పట్టుకుని మైక్‌కు పెదవి ఆనగానే జిల్లుమంటే అది టోన్ సమస్య కాదు. ఎర్త్ లేదు, లేదా తప్పుగా ఉంది. వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మోత తగ్గుతుందని ప్లగ్ ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పనికి డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది.

డిలే, రివర్బ్

60,000ను పాట వేగంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 బీపీఎంకు 500, డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీట్) కావాలంటే దాన్ని 0.75తో గుణించి 375. 96కైతే 625, 469. మిక్స్ 20 శాతం, రెండు మూడు తిరుగుళ్లు, డిలే హై కట్ 4 కిలోహెర్ట్జ్. రేకుల కప్పు ఫంక్షన్ హాలు తనే కావలసినంత రివర్బ్ వేస్తుంది, మీది 10 శాతం దాటితే కార్డులు ఒకదాని మీద ఒకటి పడతాయి. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ లాంటి ఖాళీ మైదానంలో 20 శాతం దాకా పోవచ్చు.

మిక్సర్ దగ్గర

లెఫ్ట్/మోనో జాక్ ఒక్కటే కలపండి. స్టీరియో పింగ్‌పాంగ్ డిలే పెట్టి ఒక్క వైపే పంపితే సగం తిరుగుళ్లు వినిపించవు. మిక్సర్ దూరంగా ఉంటే కాళ్ల దగ్గరే డీఐ బాక్స్ పెట్టి అక్కడి నుంచి కానన్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) లాగాలి. మోడలర్ కానన్ అవుట్‌పుట్ నుంచి నేరుగా పోతుంటే ఆ చానెల్‌లో 48 వోల్టులు (మైకులకు పంపే ఫాంటమ్ పవర్) ఆపించండి. "అన్నా, ఈ చానెల్ ఈక్యూ అంతా నడిమిట్ల పెట్టు, 48 బంద్ చెయ్" అని అడిగితే చాలు. ఈ మాట అడగకపోతే అలవాటు కొద్దీ బేస్, ట్రెబుల్ పైకి లేపుతాడు, మీరు తీసిన గుమగుమ మళ్లీ వస్తుంది.

ప్యాచ్‌ల మధ్య సౌండ్‌ను మీటర్ చూసి కాదు, పాట ట్రాక్ పక్కన వాయిస్తూ చెవితో కలపండి. క్లీన్‌లో దెబ్బలు మీటర్ మీద ఎగిరిపడతాయి, చెవికి మాత్రం డ్రైవే పెద్దగా ఉంటుంది. లీడ్‌కు 3 నుంచి 4 డీబీ, 1 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న ఉబ్బు చాలు. డప్పు దిగే చోట రిథమ్ ప్యాచ్ లో కట్‌ను 150కి ఎత్తి, లావు తీగలు వదిలేసి సన్న నాలుగు తీగల మీద ఉండండి.

అంతా కుదిరాక కంప్యూటర్‌లో ఎడిటర్ తెరిచి మొత్తం బ్యాకప్ తీసుకోండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మాత్రం ప్రోగ్రామ్ ముందురోజు పెట్టుకోకండి. చేసేటప్పుడు ల్యాప్‌టాప్ నిండా చార్జ్ ఉండాలి, మోడలర్ అడాప్టర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. మధ్యలో కరెంటు పోతే పరికరం మళ్లీ లేవకపోవచ్చు.