ఉప్పుగాలికి ఊడిన టర్ఫ్‌ను అతికించుకోవడం ఎలా

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. డాబా మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగి పార్కుకు వెళ్లలేరు. సాయంత్రం పూట చెప్పుల్లేకుండా నాలుగు అడుగులు వేస్తారని డాబా మీద టర్ఫ్, అంటే 35 మిల్లీమీటర్ల పోచలున్న ప్లాస్టిక్ గడ్డి, వేయించాం. ఆరేళ్లయింది. పోచలు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. మాటిమాటికీ పోయేవి జాయింట్లూ అంచులూ. జాయింట్ లేవగానే మొత్తం పీకేసి కొత్తది వేయించుకోమంటారు. తొందరపడకండి. చాలావరకు మనమే బాగుచేసుకోవచ్చు.

మొదటిసారి నేను చేసిన తప్పు ముందు చెబుతాను. జాయింట్ లేచిందని పొద్దున్నే ఏడింటికి గమ్ము పూసి అతికించేశాను. గచ్చు చూడటానికి పొడిగానే ఉంది. సాయంత్రానికి ఆ గమ్ము నురగలా పొంగి, జాయింట్ పొడవునా చిన్న గట్టులా తయారైంది. అత్తయ్య కాలు దానికి తగిలింది. పిట్టగోడ అందింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పడిపోయేవారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జరిగిందేమిటంటే, టర్ఫ్‌కు వాడే పాలీయురెథేన్ గమ్ముకు చెమ్మ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి బుడగలు కడుతుంది. మన ఊళ్లో చెమ్మ ఒక్క వానతోనే రాదు. వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి ఉంచితే ఉప్పు ఎలా తడిసిపోతుందో తెలుసు కదా, గాలికి వచ్చి గచ్చు మీద పేరుకున్న ఉప్పు కూడా అలాగే తేమను లాగుతుంది. అందుకే గమ్ము డబ్బా తెరవడానికి ముందు చేసే పనే అసలు పని.

సంక్రాంతి వెళ్లాక, మార్చి లోపల పెట్టుకోండి. ఊడిన చోట టర్ఫ్‌ను రెండు వైపులా అడుగు చొప్పున వెనక్కి మడవండి. పాత గమ్మును, పాత టేపును గీకేయండి. తర్వాత గచ్చును, టర్ఫ్ వెనక భాగాన్ని మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కుళాయి నీళ్లే వాడండి. సముద్రం దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మళ్లీ అక్కడే ఉంటుంది. టర్ఫ్ వెనక ఉండే నీటి రంధ్రాలను కూడా చూడండి. మా వెనక వీధిలో సరుగుడు చెట్లున్నాయి, ఆ ఆకులు సూదుల్లా దిగి రంధ్రాలను మూసేస్తాయి. ఒక మేకుతో పొడిచి శుభ్రం చేయాలి.

కడిగాక రెండు రోజులు ఎండనివ్వండి. ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు. జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు లోపల నీటి బొట్లు కనిపిస్తే ఇంకో రోజు ఆగాల్సిందే. నేను ఒకసారి నాలుగు రోజులు ఆగాను.

ఇక కాలిన మచ్చలు. దీపావళికి చిచ్చుబుడ్డి పెట్టిన చోట మాకు అరచేయంత మేర పోచలు కరిగి గట్టిపడ్డాయి. దానికి ముక్క మార్చడం ఒక్కటే దారి. టర్ఫ్‌ను తిరగేస్తే వెనక కుట్లు వరసలుగా కనిపిస్తాయి. రెండు వరసల మధ్య నుంచే కత్తి నడపాలి. వరస మీద పడితే పోచలు రాలిపోతాయి. ఎప్పుడూ పైనుంచి కోయకండి.

కొత్త ముక్క కోసం స్టోర్ రూములో మిగిలిన చుట్ట తీస్తే, ఎండ తగలని ఆ ఆకుపచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేను నీళ్ల ట్యాంకు వెనక మూల నుంచి పాత ముక్క కోసి ఇక్కడ వేశాను, ఆ మూలలో కొత్తది వేశాను. పోచల వాలు మాత్రం కలవాలి. పోచల మీద అరచేయి రాయండి. ఒక వైపు నున్నగా జారుతుంది, రెండో వైపు గుచ్చుకుంటుంది. ముక్క, చుట్టూ ఉన్న టర్ఫ్ ఒకే వైపు నున్నగా ఉండాలి. లేకపోతే రంగు కలిసినా ఎండ పడగానే అతుకు తెలిసిపోతుంది.

అతికించడానికి మంచు ఆరిపోయాక, ఎండ ముదరకముందు, తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నం టర్ఫ్ వేడికి సాగి ఉంటుంది. అప్పుడు కొలిచి కోస్తే రాత్రికి ముడుచుకుని సందు పడుతుంది. కొత్త ముక్కను ఓ గంట పాత దాని పక్కనే పరిచి ఉంచితే రెండూ ఒకే వేడికి వస్తాయి.

అతుకు కింద వేసే జాయింట్ టేపును రెండు అంచులకు సరిగ్గా మధ్యలో పరచండి. రెండు డబ్బాల గమ్మును కలిపి, పళ్లున్న తాపీతో టేపు మీద పలచగా పూయండి. డబ్బా మీద రాసిన పాళ్లు తప్పకూడదు. వేడికి తొందరగా బిగుస్తుంది కాబట్టి ఒక్కసారే ఎక్కువ కలపకండి. అంచులు దించేటప్పుడు పోచలు గమ్ములో పడకుండా వేళ్లతో పైకి తీస్తూ నెమ్మదిగా దించాలి. ఇద్దరుంటే మేలు. రెండు అంచుల మధ్య కుట్ల వరసల మధ్య ఉన్నంత సందే ఉంచండి. పైన చెక్క వేసి, నిండు నీళ్ల క్యాన్లు 24 గంటలు ఉంచాలి.

డాబా మీద మేకులు వద్దు, వాటర్ ప్రూఫింగ్‌కు చిల్లులు పడతాయి. మట్టి మీద వేసినవాళ్లు మామూలు ఇనుప మేకులకు బదులు ఉప్పుగాలిని తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. ఇనుము తుప్పు పట్టి విరిగాక ఆ ముక్క చెప్పుల్లేని కాలికి గుచ్చుకుంటుంది.

పోచల మధ్య ఇసుక నింపడానికి వచ్చిన కుర్రాడు, "మేడమ్, బీచ్ ఇసుక రెండు బస్తాలు తెచ్చేస్తాను" అన్నాడు. వద్దన్నాను. అందులో ఉప్పు, గవ్వ ముక్కలు ఉంటాయి, పైగా అక్కడి నుంచి తీసుకురాకూడదు. కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుకను కొద్దికొద్దిగా చల్లి, వాలుకు ఎదురుగా గట్టి ప్లాస్టిక్ బ్రష్షుతో దువ్వితే అడుగుకు దిగుతుంది.

మర్నాడు క్యాన్లు తీసి, జాయింట్ మీద బకెట్ నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలవకుండా దిగిపోవాలి. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడగండి. అక్టోబరులో తుపాన్ల కాలం మొదలవగానే అంచులన్నీ ఒకసారి లాగి చూడండి. నేను చెప్పుల్లేకుండా అతుకు మీద రెండుసార్లు నడిచి, కాలికి ఏమీ తగల్లేదని చూసుకున్నాకే అత్తయ్యను పిలిచాను.