ఆర్‌ఓపీ గుర్తుపట్టడం కంప్యూటర్ మీద నేర్చుకునే పీజీలకు

విశాఖలో రెటీనా (కంటి లోపలి వెనక పొర) విభాగంలో పనిచేస్తూ పీజీ డాక్టర్లకు ఆర్‌ఓపీ (రెటినోపతి ఆఫ్ ప్రీమెచ్యూరిటీ) నేర్పుతుంటాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కంట్లో రక్తనాళాలు రెటీనా అంచు దాకా వెళ్లకుండానే ఆగిపోయి, ఆ తర్వాత దారితప్పి పెరగడమే ఈ జబ్బు. పాడేరు నుంచి, శ్రీకాకుళం నుంచి బిడ్డను ఎత్తుకొచ్చే అమ్మమ్మలు "కళ్లు నిగనిగలాడుతున్నాయి కదమ్మా, ఇంకేం జబ్బు?" అని అడుగుతారు. వాళ్లు అలా అడగడంలో తప్పేమీ లేదు, బయటికి ఏమీ కనిపించదు. నల్లగుడ్డు వెనక తెల్లగా కనిపించేసరికి రెటీనా ఊడిపోయి ఉంటుంది. కాబట్టి ముందే పట్టుకోవాల్సింది మనమే.

పోస్టింగ్‌లో ఉన్న కొద్ది వారాల్లో అన్ని రకాల కేసులూ మీ కంట పడవు. ఆ లోటును కంప్యూటర్ మీద చూసే కేసులు బాగా తీరుస్తాయి, సరిగ్గా వాడితేనే.

ఆ కేసులుండే పాఠం (మాడ్యూల్) తెరిచే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అమెరికాలో తయారైన పాఠాల్లో 1500 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ బరువున్న, లేదా 30 వారాలకు గానీ అంతకన్నా ముందు గానీ పుట్టిన పిల్లలను చూడమని ఉంటుంది. మన లెక్క వేరు. ఇక్కడ 2000 గ్రాముల లోపు బరువున్నా, 34 వారాల లోపు పుట్టినా చూడాల్సిందే. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టి ఆక్సిజన్, ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు పడిన పిల్లలను కూడా వదలకూడదు. మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు అయిపోవాలి. 28 వారాల లోపు లేదా 1200 గ్రాముల లోపు పుట్టినవాళ్లకైతే రెండు మూడు వారాలకే. మన దగ్గర కాస్త బరువున్న పిల్లలకూ తీవ్రమైన ఆర్‌ఓపీ వస్తుంది. అందుకని బొమ్మలు చదవడం ఆ పాఠాల్లో నేర్చుకోండి, ఎవరిని చూడాలన్నది మాత్రం మన గైడ్‌లైన్స్ నుంచే తీసుకోండి.

ఇక కూర్చునే పద్ధతి. ఫోన్ వద్దు, పెద్ద తెర కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో సన్నటి నాళాలు అలుక్కుపోతాయి. గదిలో లైట్లు తగ్గించండి. పక్కన కాగితం పెట్టుకుని జోన్ (జబ్బు రెటీనాలో ఎక్కడుంది), ప్లస్ (నాళాలు ఉబ్బి మెలికలు తిరగడం), స్టేజ్ (జబ్బు ఏ మెట్టులో ఉంది), తర్వాత ఏం చేయాలి అని నాలుగు గడులు గీయండి. నాలుగూ నింపాకే జవాబు నొక్కాలి. నేను పట్టుబట్టేది ఈ ఒక్కదాని గురించే. మనసులో "ఇదే అయి ఉంటుంది" అనుకుని జవాబు చూస్తే, తప్పైనా సరే మనకు తెలిసిందే అనిపిస్తుంది. పెన్నుతో రాసింది అలా మారదు.

జోన్‌తో మొదలుపెట్టండి. ఆప్టిక్ డిస్క్ (కంటి నరం రెటీనాను కలిసే చోటు) మధ్య నుంచి ఫోవియా (చూపు బాగా తేటగా ఉండే చోటు) మధ్యకు ఉన్న దూరానికి రెట్టింపు వ్యాసార్థంతో డిస్క్ చుట్టూ గీసే వృత్తమే జోన్ 1. నెలలు నిండని పిల్లల్లో ఫోవియా స్పష్టంగా ఉండదు. మొదట్లో తెర మీద స్కేలు పెట్టి కొలవడానికి మొహమాటపడొద్దు. వార్డులో కంటి లోపల చూడటానికి 28 డి లెన్స్ పట్టుకున్నప్పుడు డిస్క్ ముక్కువైపు అంచును చూపు ఒక అంచున ఉంచితే, చెవివైపు అవతలి అంచు సుమారుగా జోన్ 1 హద్దు.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ప్లస్‌కి. నేను ముందుగా ఇచ్చే కేసు 32 వారాలకు పుట్టిన బిడ్డది. జోన్ 2 (జోన్ 1 చుట్టూ ఉండే వలయం), స్టేజ్ 2. చాలామంది చూపు నేరుగా అంచున ఉన్న గట్టు మీదకే వెళ్తుంది, "వారం తర్వాత రమ్మందాం" అని రాసేస్తారు. డిస్క్ దగ్గరికి రండి. సిరలు ఉబ్బి ఉన్నాయి. ధమనులు అరకు ఘాట్ రోడ్డులా మెలికలు తిరిగి ఉన్నాయి. అది ప్లస్. జోన్ 2, స్టేజ్ 2కి ప్లస్ తోడైతే టైప్ 1, అంటే 48 నుంచి 72 గంటల్లో చికిత్స చేయాలి. వారం ఆగడానికి వీల్లేదు.

ప్లస్ విషయంలో అనుభవం ఉన్న నిపుణులే ఒకరితో ఒకరు ఏకీభవించరు, కాబట్టి ఒక్కో కేసులో మీకు సందేహం రావడం సహజం. 2021లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణ కూడా ప్లస్‌ని ఉంది-లేదు అని కాకుండా, మామూలు నుంచి ప్రీప్లస్ మీదుగా ప్లస్ దాకా క్రమంగా పెరిగేదిగా చూడమంటుంది, అదీ జోన్ 1లోని నాళాలను బట్టి. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను ఎర్రరంగు లేకుండా చూసే వీలుంటే వాడండి, నాళాలు తేటగా కనిపిస్తాయి. కెమెరాను కంటి మీద గట్టిగా ఒత్తితే నాళాలు సన్నబడి ప్లస్ దాక్కుంటుందని కూడా గుర్తుంచుకోండి.

స్టేజ్ సులువే. 1 గీత, 2 గట్టు, 3 గట్టు మీద కొత్త నాళాలు, 4 రెటీనా కొంత ఊడటం, 5 పూర్తిగా ఊడటం. టెన్షన్ పెట్టేది అగ్రెసివ్ ఆర్‌ఓపీ. అది ఈ మెట్లు వరసగా ఎక్కదు. గట్టు సరిగా కనిపించదు, కొత్త నాళాలు చదునుగా పరుచుకుంటాయి, రోజుల్లోనే ముదిరిపోతుంది. పాత మాడ్యూళ్లలో దీన్ని ఏపీ-ఆర్‌ఓపీ (అగ్రెసివ్ పోస్టీరియర్ ఆర్‌ఓపీ) అని రాసి ఉంటారు. 2021 నుంచి పేరు ఏ-ఆర్‌ఓపీ.

తప్పులను మార్కుల లెక్కన చూడకండి. ప్రతి తప్పు పక్కనా జోన్ దగ్గర పోయిందా, ప్లస్ దగ్గరా, స్టేజ్ దగ్గరా అని రాసుకోండి. ఒకే గడిలో పదే పదే పోతుంటే అలాంటి కేసులే మళ్లీ తీసుకోండి. ఉన్న జబ్బును లేదనడం, లేనిదాన్ని ఉందనడం రెండూ తప్పులే అయినా మొదటిది బిడ్డ చూపునే తీసేస్తుంది.

తెర మీద బొమ్మ నిటారుగా, కదలకుండా ఉంటుంది. ఇండైరెక్ట్‌లో (తలకు పెట్టుకుని కంటి లోపల చూసే పరికరంలో) తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపిస్తుంది, పైగా బిడ్డ ఏడుస్తుంటుంది. అందుకే ఎన్‌ఐసీయూలోనూ (పసిపిల్లల ఐసీయూ) అదే కాగితం వాడండి. మీరు చూసి నాలుగు గడులూ నింపాక, సీనియర్‌ను విడిగా చూసి రాయమనండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన చోట అప్పుడే అడిగేయండి. టైప్ 1 కేసుల్లో మీ కాగితం తప్పకుండా కలుస్తోందని సీనియర్ ఒప్పుకునేదాకా ఒంటరిగా స్క్రీనింగ్‌కి వెళ్లొద్దు. నాలుగో గడిలో ఏం రాశారో, మళ్లీ ఏ రోజు రావాలో తల్లికి తెలుగులో చెప్పి, ఆ తేదీని డిశ్చార్జ్ కాగితం మీద పెద్దగా రాసివ్వండి.