గల్ఫ్ నుంచి తెచ్చిన రియాళ్లు, దిర్హాములు ఎక్కడ, ఎట్ల మార్చుకోవాలె?

మా బావ మూడేండ్లు రియాద్‌ల పనిచేసి వచ్చిండు, వచ్చేటప్పుడు 2000 రియాళ్లు నోట్లే తెచ్చుకున్నడు, తెలిసినాయనే కదా అని జడ్చర్లల ఒక దుకాణంల ఇచ్చేసిండు. రియాల్‌కు రూపాయిన్నర తక్కువ కట్టిండ్రు, అంటే 3000 పోయినట్టే, పైగా రసీదు కూడ లేదు. ఎండల కష్టపడ్డ పైసలు గట్ల పోతే మాకందరికి పాణం ఉసూరుమన్నది. మీకట్ల కావొద్దని రాస్తున్న.

ముందుగాల ఇంట్లనే రేటు లెక్క చూసుకోండి. సౌదీ రియాల్ డాలర్‌కు ముడిపడి ఉంటది, ఒక డాలర్‌కు 3.75 రియాళ్లు, దిర్హాములైతే 3.67. డాలర్ 90 రూపాయలుందనుకోండి, 90ని 3.75తో భాగిస్తే రియాల్ 24 రూపాయలు. గూగుల్‌ల కనవడేది నడిమి రేటు, దుకాణపోళ్లు అంత ఇయ్యరు, కొంచెం తగ్గిస్తరు, కానీ ఎంత తగ్గిస్తున్రో మీకు తెలిసుంటే గట్టిగ బేరం చేయొచ్చు.

తర్వాత ఎక్కడికి పోవాలె అంటే ఆర్‌బీఐ లైసెన్స్ ఉన్నకాడికే. మహబూబ్‌నగర్, నల్గొండల బ్యాంకులున్నయి గానీ ప్రతి బ్రాంచిల నోట్లు తీసుకోరు, ఉత్తగనే బస్సెక్కకుండ ఫోన్ చేసి అడగండి. హైదరాబాద్ పోయే పనుంటే అబిడ్స్, బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్ దిక్కు మనీ ఛేంజర్లు ఉంటరు, రెండుమూడు చోట్ల అడిగి చూడండి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మన దారిలనే ఉందని దిగంగనే అక్కడ మొత్తం మార్చకండి, కౌంటర్లల రేటు మామూలుగ తక్కువుంటది, కిరాయికి సరిపోయేంత మార్చుకుంటే చాలు.

కౌంటర్ కాడ ఒక్కటే అడగండి: "అన్నా, అన్ని పోను చేతికి ఎంతొస్తది?" జీఎస్టీ ఉంటది, లక్ష రూపాయల మార్పిడికి 180, చిన్న మొత్తానికైనా కనీసం 45. వేరే ఛార్జీలు గిట్ల చెప్తే రేటు ఎక్కువ చెప్పినోనికాడనే చివరికి తక్కువ రావొచ్చు. పాస్‌పోర్ట్ తీస్కపోండి, నోట్లు మీ ముందలనే లెక్కబెట్టించండి, రసీదు లేకుండ కౌంటర్ ఇడవకండి. ఇక్కడ ఉండేటోళ్లకు వెయ్యి డాలర్ల విలువ దాటితే, సెలవుల మీద వచ్చిన ఎన్నారైలకైతే 3000 డాలర్ల విలువ దాటితే నగదు ఇయ్యరు, అకౌంట్లనే వేస్తరు, అది రూలే, భయపడకండి.

గల్ఫ్ ఇడిచిపెట్టి పూర్తిగ వచ్చేసినోళ్లు ఇంకోటి యాదికుంచుకోవాలె. 2000 డాలర్ల విలువ దాక, అంటే సుమారు 7500 రియాళ్లు, నోట్లు దగ్గర పెట్టుకోవచ్చు, అంతకుమించినయి వచ్చిన 180 రోజులల్ల మార్చేయాలె. 5000 డాలర్ల విలువ దాటి నోట్లు తెస్తే ఎయిర్‌పోర్ట్‌లనే కస్టమ్స్‌కు డిక్లరేషన్ ఫారం ఇయ్యాలె.

గల్ఫ్ పోయేటోళ్లు రియాళ్లో దిర్హాములో కొనాలంటే గూడ ఇవే జాగలు. పాన్ కార్డు, పాస్‌పోర్ట్, టికెట్ కావాలె, 50,000 రూపాయలు దాటితే నగదు కట్టనియ్యరు, చెక్కో కార్డో వాడాలె.

బస్టాండ్ కాడ ఎవడన్నా ఒక రియాల్ నోటు చూపించి "సంచిల ఇంకా కట్టలున్నయి, అగ్గువకిస్త" అంటే ఆగకండి. పైన ఒక్కటి అసలు నోటు, లోపలంత కాగితాలు, ఈ మోసం మన దిక్కు మస్తుమందికి అయింది.

బిళ్లలు మాత్రం మామూలుగ ఎవ్వరు తీసుకోరు. హలాలాలు, ఫిల్సులు అక్కడి ఎయిర్‌పోర్ట్‌లనే నీళ్లకో చాయ్‌కో ఖర్చుపెట్టేసి రండి, మిగిలితే మళ్ల పోయే తమ్ముడో బావో ఉంటే వాళ్లకియ్యండి.