పాత చిన్న కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ – పాఠం 3: ఆయిల్ చూసి రోగం పట్టడం

లివరు 'డి'లోకి వేశాక కారు రెండు సెకన్లు తాత్సారం చేసి కదలడం, గేరు మారేటప్పుడు వేగం పెరగకుండా ఇంజను మాత్రం గీపెట్టడం పోయిన పాఠంలో చూశాము. రెండింటికీ మొదట అనుమానించవలసింది గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గడాన్నే. ఇదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజను తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న పాత నాలుగు గేర్ల కార్లకే వర్తిస్తుంది. 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ (క్లచ్, గేర్లు తనంతట తానే మార్చే ఏర్పాటు) లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే కనుక దానిని వేరుగా చూద్దాము.

కారును పావుగంటకు పైగా నడిపి సమతలంలో ఆపండి. మన గోదావరి డెల్టాలో నేలంతా చదునే అయినా, వాననీరు పోవడానికి వాకిట్లో పెట్టిన వాటం కూడా కొలతను తప్పిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి ఉంచి, లివరును అన్ని స్థానాలలోనూ రెండేసి సెకన్లు నిలిపి తిరిగి 'పి'లోకి తెండి. చాలా కార్లలో ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీయాలి. కొన్నిటిలో ఆపి తీయాలి, అందుకే కారుతో వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి. పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా దించి, మళ్ళీ తీసినప్పుడు ఆయిల్ దాని మీద 'వేడి'కి పెట్టిన రెండు గుర్తుల మధ్య ఉండాలి. తగ్గితే పుస్తకంలో చెప్పిన రకాన్నే కొద్దికొద్దిగా పోయాలి. ఎక్కువైతే నురగ కట్టి, తక్కువైనప్పటి లక్షణాలే కనిపిస్తాయి.

ఇప్పుడు రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేయండి. ఎరుపు మారి గోధుమరంగైతే వయసు మీరినట్టే, కంగారు లేదు. నల్లబడి మాడు వాసన వస్తే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ పలకలు కాలుతున్నట్టు.

పాలు కలిపినట్టు లేత గులాబీ రంగులో ఉంటే నీరు చేరినట్టు, డెల్టాలో ఉండే మనకు అందరికంటే ఎక్కువ పనికొచ్చే గుర్తు ఇది. 2022 జూలై వరదలో మా బాబాయిగారి కారు వాకిట్లోనే బంపరు దాకా నీళ్ళలో నిలిచింది. ఇంజను ఆయిల్ మార్పించిన ఆయన గేర్‌బాక్స్ సంగతి మరిచారు, నేనూ అడగలేదు. గాలి పోయే బ్రీదరు గొట్టం గుండా చేరిన నీరు, క్లచ్ పలకల మీద కాగితపు పొరను పట్టి ఉంచే జిగురును వదలగొట్టగా, నెలలోపే మూడో గేరు జారడం మొదలైంది.

వరద చూడని కారులోనూ ఈ రంగు కనిపిస్తే, రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ చిల్లిపడిందేమో చూడాలి. ఇంజను చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే కూలెంట్ తగ్గి ఉండడం, దాని మీద నూనె తేలడం అందుకు ఆనవాళ్ళు.

నీరు చేరడానికి ఈ రెండింటిలో ఏది కారణమైనా ఇంజను మళ్ళీ స్టార్ట్ చేయకండి. న్యూట్రల్‌లో వేసి తాడుతో లాగించడమూ తప్పే: ఇంజను ఆగి ఉంటే గేర్‌బాక్స్ పంపు తిరగదు, ఆయిల్ అందదు. ముందు చక్రాలు లేపి గానీ, వ్యాను మీద ఎక్కించి గానీ షెడ్డుకు చేర్చండి. అడుగు బోల్టు విప్పి ఒకసారి వంపితే సరిపోదు. చాలా ఆయిల్ కన్వర్టర్‌లో మిగిలిపోతుంది కాబట్టి, రంగు తేటపడే వరకు మార్చి మార్చి పోయించాలి.