సగటు గీత మింగేసిన రైతులు: పత్తి ధరల చార్టు ఇలా సరిచేశాను

వరంగల్ ఎనుమాముల మార్కెట్ పత్తి ధరలను నెలవారీ సగటు గీతగా వేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. తక్కువకు అమ్ముకున్న రైతు ఆ సగటులో కలిసిపోతాడు. అందుకే గీత తీసేసి, ఒక్కో లాట్‌కు (ఒకేసారి అమ్మిన పత్తి రాశికి) ఒక్కో చుక్క పెట్టాను. అడ్డంగా తేదీ, నిలువుగా క్వింటాల్ ధర. లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌లో చుక్కల చార్టు, అంటే ఎక్స్‌వై స్కాటర్ చాలు.

చుక్కలన్నీ తేదీలకు బదులు 1, 2, 3 అని వరుసకట్టాయంటే తేదీలు టెక్స్ట్‌గా దిగాయన్నమాట. ధరల సీఎస్‌వీ ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌కు ‘డేట్, డీఎంవై’ (రోజు, నెల, ఏడాది వరుస) ఎంచుకోవాలి. చుక్కలు ఒకదానిమీద ఒకటి పడితే సైజు తగ్గించండి.

అసలు కథ మద్దతు ధర గీతతో మొదలవుతుంది. 2024-25లో క్వింటాల్ పొడవు పింజ (పోగు పొడవుగా ఉండే) పత్తికి రూ.7,521, మధ్యరకం పింజకు రూ.7,121. రెండు రకాలూ కలిసి ఉంటే రెండు గీతలూ తప్పనిసరి. గీత కింద పడ్డ ప్రతి చుక్కా మోసం కాదు: మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ దాటితే ధర కోస్తుంది, 12 దాటితే కొనదు. కాబట్టి 8 లోపు, 8–12, ఆపైన అని మూడు రంగులు వేశాను. తేమ తక్కువుండీ గీత కింద ఉన్న చుక్కలే అడగాల్సిన ప్రశ్న. వాటిలో ఒకదాని పక్కన తేదీ, తేమ, ధర రాయండి. పేరు, ఊరు మాత్రం వద్దు, చిన్న ఊళ్లో ఇట్టే గుర్తుపడతారు.