పిల్లలు వేళకి పడుకోవాలంటే ఏం చేయాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద బతికే చాలా ఇళ్లలో నాన్న ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటిపోతుంది. "వాళ్ల నాన్నని చూడకుండా ఎలా పడుకుంటాడమ్మా?" అని నాన్నమ్మ అప్పటిదాకా పిల్లాణ్ణి ఆడిస్తూ కూర్చుంటుంది. ఆయనొచ్చాక ఓ అరగంట అల్లరి, ఫోన్లో రెండు వీడియోలు. పడుకునేసరికి పదిన్నర. పొద్దున్నే స్కూలు బస్సుకి లేపితే ఏడుపు, పేచీ. మొండితనం అనుకుంటాం గానీ, వాడికి నిద్ర చాల్లేదంతే. కొట్టు కట్టేసి వచ్చే ఇళ్లలోనూ ఇదే వరస. అంచేత ముందు మారాల్సింది పెద్దవాళ్ల సాయంత్రం.

1. లెక్క వేసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లలకి చెప్పిన లెక్క ఇది. పగటి కునుకుతో కలిపి రోజుకి 4–11 నెలల పిల్లలకి 12–16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకి 11–14, మూడు నాలుగేళ్ల వాళ్లకి 10–13 గంటల నిద్ర కావాలి. బడికెళ్లే పిల్లలకైనా 9 గంటలకి తగ్గకూడదు. నాలుగేళ్ల పాప ఆరున్నరకి లేవాలి, మధ్యాహ్నం గంట పడుకుంటుంది అనుకోండి. రాత్రి ఎనిమిదిన్నరకల్లా నిద్రలో ఉంటే పదకొండు గంటలవుతుంది.

2. ముందు లేచే వేళ కుదర్చండి

పదిన్నరకి పడుకునే పిల్లని ఒక్కసారిగా ఎనిమిదిన్నరకి పడుకోమంటే పడుకోదు. మీ చేతిలో ఉన్నది పొద్దున్న. ఆదివారంతో సహా రోజూ ఒకే వేళకి లేపి, అరుగు మీదకో పెరట్లోకో తీసుకెళ్లి ఎండ పొడ తగలనివ్వండి. ఒంట్లో గడియారం ఆ వెలుతురుతోనే సర్దుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి పడుకునే వేళ పావుగంట ముందుకి జరపండి.

నాన్నతో ఆట కూడా పొద్దుటికే మార్చేయండి. రాత్రి నిద్ర కళ్లతో ఆడే అరగంట కంటే పొద్దున్న తెలివిగా ఆడే పావుగంట మేలు.

3. పగటి కునుకు మూడున్నరకల్లా ముగియాలి

సాయంత్రం ఐదింటికి బండి మీద తాతయ్య ఒళ్లో కునుకు తీసిన పిల్లాడు రాత్రి పదింటిదాకా పడుకోడు. అంగన్‌వాడీలో పడుకోబెడతారా, ఎంతసేపు అన్నది టీచరుగారిని అడిగి తెలుసుకోండి. ఐదేళ్లొచ్చేసరికి చాలామందికి పగటి నిద్ర దానంతటదే పోతుంది, బలవంతం చేయొద్దు.

4. సాయంత్రం చేయాల్సినవి

ఏడు, ఏడున్నర మధ్య అన్నం పెట్టేయండి. "ఒక్క గుక్కే కదా" అని సాసర్లో టీ పోసే అలవాటు మాన్పించండి, టీలోని కెఫీన్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. పడుకోవడానికి గంట ముందు టీవీ, ఫోను రెండూ ఆగాలి. సీరియల్ చూసేవాళ్లకి ఇది కష్టమే, కానీ పిల్లలున్న గదిలో టీవీ మోగుతుంటే ఏ జోలపాటా పనిచేయదు. ట్యూబులైటు తీసేసి చిన్న బల్బు వేయండి. నిద్ర తెప్పించే మెలటోనిన్ చీకటి పడితేనే బాగా ఊరుతుంది.

ఆ తర్వాత స్నానం, పళ్లు తోమడం, దోమతెరలోకి వెళ్లడం, ఓ కథ. రోజూ ఇదే వరస. కళ్లు మూతలు పడుతుండగా, ఇంకా పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద వదలండి. రాత్రిళ్లు పిల్లలకి మధ్యమధ్యలో మెలకువ రావడం మామూలే. ఉయ్యాల ఊపితే తప్ప పడుకోని పిల్లకి రాత్రి రెండింటికి మెలకువ వచ్చినా మళ్లీ ఆ ఊపే కావాలి.

5. ఉక్కపోత, దోమలు

డెల్టాలో అసలు గొడవ ఇక్కడే. చుట్టూ కాలవలు, వరిచేలు, చెరువులు. గాల్లో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి తడి గోనెపట్టాలు, కూలర్లు రాయలసీమలో పనిచేసినట్టు ఇక్కడ పనిచేయవు. ఉక్క ఇంకా పెరుగుతుంది. ఎదురెదురు కిటికీలు తెరిచి, వాటికి జాలీ కొట్టించి, ఫ్యాను వేయడమే నయం. పల్చటి నూలు బట్టలు చాలు.

దోమతెర పొద్దుగూకక ముందే దించి, అంచులు పరుపు కిందకి దోపేయండి. లోపల దోమ చిక్కుకుందేమో టార్చి వేసి చూడండి. తెరకి చిరుగుంటే ఆ రోజే కుట్టేయండి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం కునుక్కీ తెర ఉండాలి. పెరట్లో బోర్లించకుండా వదిలేసిన కొబ్బరి చిప్పలు, పాత టైర్లు దానికి పుట్టిళ్లు. తలుపులు మూసి దోమల చుట్ట వెలిగించడం మాత్రం వద్దు, ఆ పొగంతా పిల్లలే పీలుస్తారు.

6. ఏడాది నిండని పసివాళ్లకి

వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టండి. దిండు, బొంత, బొమ్మలు దగ్గర ఉండకూడదు. చీర ఉయ్యాలలో నిద్రపోతే తీసి పరుపు మీద వేయండి. అందులో మెడ వంగిపోయి ఊపిరికి ఇబ్బంది కావచ్చు.

7. సంక్రాంతి వస్తే

ఆ మూడు రోజులూ అమ్మమ్మగారింట్లో ఎవరి మాటా సాగదు, పోనివ్వండి. పండగ వెళ్లిన మర్నాడు మాత్రం పదింటిదాకా పడుకోనివ్వక మామూలు వేళకే లేపండి. రెండు మూడు రోజుల్లో దారిలో పడతారు.

8. డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

రోజూ గురక పెడుతున్నా, నోటితో ఊపిరి తీస్తున్నా, నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అనిపించినా చూపించండి. ముక్కు వెనక అడినాయిడ్లో, టాన్సిల్సో పెరిగి ఉండొచ్చు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురదతో లేస్తుంటే నులిపురుగులేమో చూడాలి. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో ఇచ్చే ఆల్బెండజోల్ వేయించారో లేదో గుర్తు చేసుకోండి. నిద్ర కోసమని దగ్గు సిరప్ పట్టడం, జాజికాయ అరగదీసి నాకించడం చేయకండి. మోతాదు మించితే రెండూ ప్రమాదమే.